బార్కస్ జామకాయలు

గురువారం మధ్యాహ్నం విమలాదేవి కంటపడిన దృశ్యం దగ్గరే కథ ఆగింది. అక్కడినుంచే మళ్లీ అందుకోవాలి.

షేరింగ్ ఆటో శాలిబండలో ఆగినప్పుడు పక్క గల్లీలోంచి ఆమె భర్త కైలాసం సంచి చేతపట్టుకుని బయటికి వచ్చాడు. అది ఆయన తమ్ముడు రామ్‌చందర్ ఉండే గల్లీ. అత్తగారి పదకొండో రోజు భోజనాల నుంచి ఆ రెండిళ్ల మధ్య మాటల్లేవు. పెళ్లిళ్లలో ఎదురుపడినా తల తిప్పుకుని పోవడమే. ఆ సాయంత్రం, "ఎటు వోయిన్రు?" అని ఆమె మామూలుగా అడిగితే, "బేగంబజార్‌కు. యాలకులు చూద్దామని" అన్నాడు కైలాసం, చెప్పులు విడుస్తూ.

ఆమె మరో మాట అడగలేదు. శుక్రవారమూ అడగలేదు. శనివారం రాత్రి అన్నం వడ్డిస్తూ అడగబోయి, కోడలు పూజిత పెరుగుగిన్నె తెచ్చేసరికి ఊరుకుంది.

ఆదివారం తెల్లవారింది.

దసరా వెళ్లి దీపావళి రాకముందు గౌలిపురకు కొన్ని మంచిరోజులు వస్తాయి. వానలు వెనక్కిపోతాయి. ఎండ ఉంటుంది గాని అందులో కోపం ఉండదు. బతుకమ్మ పేర్చగా మిగిలిన గునుగుపూలు గోడమీద ఎండి కూడా రంగు వదలవు. పక్కమిద్దెల మీద కబూతర్ పావురాలను ఎగరేసేవాళ్ల ఈలలు వినిపిస్తుంటాయి. వానల్లో ముక్కిపోయిన బొంతలనూ చద్దర్లనూ ఆడవాళ్లు మూటలు విప్పి మిద్దె మీద పరుస్తారు. విమలాదేవికి ఈ రోజులంటే పండుగ రోజులకన్నా ఇష్టం. ఎవరూ రారు, ఎవరికీ ఏమీ పెట్టక్కర్లేదు. ఇల్లు తనకు తానే ఉంటుంది.

ఆ పొద్దున అత్తాకోడళ్లిద్దరూ బొంతలు ఆరేసి కిందికి వచ్చేసరికి కుక్కర్‌లో పచ్చి పల్లికాయ ఉడుకుతోంది. ఉప్పునీళ్లలో ఉడికే పల్లికాయకు తడిమట్టి వాసన ఒకటి ఉంటుంది. అది వంటింటి నుంచి వాకిలి దాకా వచ్చింది. గల్లీలో పోతున్న పాలవాడు కూడా, "పల్లికాయ ఉడుకుతున్నట్టున్నది అమ్మా" అనుకుంటూ పోయాడు.

వాకిట్లో కుర్చీ వేసుకుని పేపర్ చదువుతున్న కైలాసం తలెత్తి, "ఏం పెట్టిన్రు విమలా పొయ్యి మీద?" అని అడిగాడు.

"పల్లికాయ" అంది ఆమె. ఆమె మనసు వేరేచోట ఉంది. ఆ ప్రశ్నను పట్టించుకోలేదు.

"నిఖిల్ ఏడి?" అని కొడుకు గురించి అడిగాడు.

"క్రికెట్‌కు పోయిండు మామయ్యా. పొద్దుగూకే దాకా రానన్నడు" అంది పూజిత లోపలినుంచి.

కైలాసం పేపర్ మడిచి లేచాడు. "నడువు మరి. ఎండ ఎక్కకముందే బార్కస్ పోయొద్దాం."

అది వాళ్లకు పెళ్లయిన ఏడాది నుంచీ ఉన్న అలవాటు. దసరా తర్వాత వచ్చే ఒక ఆదివారం మొగుడూ పెళ్లాం ఇద్దరే బండి మీద బార్కస్ పోయి జామకాయలు తెచ్చుకుంటారు. పిల్లవాడు పుట్టాక వాణ్ణి ముందు నిలబెట్టుకుని పోయేవారు. ఇప్పుడు మళ్లీ ఇద్దరే. అక్కడి తోటలు చాలావరకు ఇళ్లయిపోయాయి. ఇంకా ఇళ్లు కాని ఒక ముక్క అవద్ భాయ్‌ది. వాళ్ల పూర్వులు అరబ్బు దేశం నుంచి నిజాం ఫౌజులోకి వచ్చారు. ఆయన మాత్రం జామచెట్లు వదిలి చాంద్రాయణగుట్ట దాటడానికే ఇష్టపడడు.

ఛత్రినాక దాటాక గాలి చల్లగా తగిలింది. విమలాదేవి భర్త భుజం మీద చెయ్యి వేసి కూర్చుని, అడగవలసిన మాటలను ఒకదాని వెనక ఒకటి పేర్చుకుంది. 'గురువారం నేను చూసిన' అని మొదలుపెట్టాలి. 'నాతోని అబద్ధమెందుకు చెప్పిన్రు' అనాలి. 'తమ్ముని మీద అంత మనసుంటే నాకు చెప్పి పోరాదా' అని కూడా అనాలి. ఆ చివరి మాట అనగలదో లేదో ఆమెకే తెలియలేదు.

ఆ పదకొండో రోజు సంగతి ఆమె మరిచిపోలేదు. ఆఖరి రోజుల్లో అత్తగారు సీతాఫలం కావాలని అడిగింది. షుగర్ ఎక్కువగా ఉంది, నోటికి తీపి తగలనియ్యొద్దని డాక్టర్ గట్టిగా చెప్పాడు. విమలాదేవి పెట్టలేదు. భోజనాల పంక్తిలో, చుట్టాలందరూ వింటుండగా, రామ్‌చందర్ అన్నాడు. "మా అమ్మ ఒక్క సీతాఫలం కోసం కండ్లు కాయలు కాసేటట్టు చూసి పోయింది. పెట్టెటందుకు ఈ ఇంట్ల ఎవ్వలకు చెయ్యి రాలె." విమలాదేవి వడ్డిస్తున్న గిన్నె అక్కడే పెట్టి లోపలికి పోయింది. కైలాసం ఆ రోజు తమ్ముణ్ణి ఒక్క మాట అనలేదు. మర్నాటినుంచి తమ్ముడింటికి పోవడం మానేశాడు, అంతే. అది తన కోసమేనని ఆమె ఇన్నాళ్లూ అనుకుంది.

తోట గేటు దగ్గరే అవద్ భాయ్ ఎదురొచ్చాడు. "ఆయియే సేఠ్, సలాం భాభీ! ఇస్ బార్ బహుత్ దేర్ కర్దియే" అని ఈసారి ఆలస్యం చేశారని నవ్వుతూ కోప్పడ్డాడు.

"వానలు వోలే కద భాయ్" అన్నాడు కైలాసం.

"కాయ మస్తున్నది. మీకు నచ్చినయి మీరే తెంపుకోన్రి" అని బుట్ట ఒకటి చేతికిచ్చి ఆయన నీళ్లు పెట్టడానికి పోయాడు.

చెట్ల కింద ఎండ చిన్నచిన్న బిళ్లలుగా పడి ఉంది. మాగిన కాయ వాసన తోటంతా పరుచుకుంది. విమలాదేవికి అరబ్బు గల్లీల సంగతి తెలియదు, చెట్ల సంగతి తెలియదు. ఈ వాసన మాత్రం తెలుసు. పెళ్లయిన ఏడాది ఇక్కడే కైలాసం ఆమెకు నేర్పాడు. "రంగు చూసి మోసపోవద్దు. కండ్లు మూసుకో. ముక్కు దగ్గర పెట్టుకో. పండినదేదో అదే చెప్తది." అప్పటినుంచి ప్రతి ఏడూ ఆయన ఒక్కో కాయనూ ముక్కు దగ్గర పెట్టుకుని, కళ్లు మూసుకుని, అవునో కాదో తల ఊపి బుట్టలో వేసేవాడు. ఆ తల ఊపడం చూడటానికే ఆమె వచ్చేది.

ఈ ఏడు ఆయన కాయను బొటనవేలితో నొక్కి చూస్తున్నాడు.

ఆమె మొదట చూసీ చూడనట్టు ఊరుకుంది. రెండో చెట్టు దగ్గర కూడా ఆయన కాయ తెంపి వేలితో నొక్కి బుట్టలో వేశాడు. మూడో చెట్టు కింద రాలిన కాయ ఒకటి తీశాడు. పైకి బాగానే ఉంది. అడుగున మెత్తబడి కల్లులా పులిసిపోయింది. ఆ వాసన విమలాదేవికి రెండడుగుల దూరం నుంచే తగిలింది. కైలాసం దాన్ని తుడిచి జాగ్రత్తగా బుట్టలో పెట్టాడు.

ఆమె దాన్ని తీసి పారేసింది. ఆయన చూడలేదు.

చెట్టు మొదట్లో కూర్చున్నారు. ఎప్పటిలాగే ఆమె పొట్లం విప్పింది. ఉప్పు, కారం కలిపి తెచ్చుకున్న పొట్లం. కైలాసం కాయ కోసి ముక్క అద్దుకుని నోట్లో వేసుకున్నాడు.

"మస్తున్నది" అన్నాడు. "ఏమన్న వాసననా! బార్కస్ కాయ బార్కస్ కాయనే."

పొద్దున వాకిట్లో అడిగిన ప్రశ్న అప్పుడు గుర్తొచ్చింది ఆమెకు. ఇంటినిండా పల్లికాయ వాసన కమ్ముకుని ఉంటే, పొయ్యి మీద ఏముందని అడిగిన మనిషి.

ఆ వెనక ఇంకా చాలా గుర్తొచ్చాయి. కైలాసానిది మసాలా దినుసుల దుకాణం. తాతలనాటిది. అక్కడ వేయించి దంచే గరంమసాలా కోసం మెహదీపట్నం నుంచి కూడా జనం వస్తారు. కళాయిలో లవంగం, జాపత్రి, షాజీరా వేగుతుంటే ఆయన పక్కన కళ్లు మూసుకుని నిలబడేవాడు. ఆయన 'దించు' అనేదాకా మంట ఎవరూ ముట్టుకునేవారు కాదు. నిరుడు చలికాలం నుంచి ఆ పని దుకాణంలో మానేశాడు. పొగకు దగ్గొస్తుందని, బయట వేయించుకొస్తానని చెప్పాడు. గురువారం గురువారం సంచి పట్టుకుని పోతున్నాడు. మొన్నటిదాకా ఆమె ఎక్కడికని అడగలేదు.

"ఇటు చూడున్రి" అంది విమలాదేవి. "కండ్లు మూసుకోన్రి."

"ఎందుకు?"

"నిఖిల్ చిన్నగున్నప్పుడు ఆడుతుండె చూడున్రి. వాసన చూసి చెప్పుడు. మూసుకోన్రి."

కైలాసం నవ్వబోయాడు. ఆమె మొహం చూసి మానేసి కళ్లు మూసుకున్నాడు. విమలాదేవి గుప్పిలి బిగించి ఆయన ముక్కు దగ్గర పెట్టింది. ఆయన గట్టిగా గాలి పీల్చాడు. మళ్లీ పీల్చాడు. ఒకప్పుడైతే సగం శ్వాసకే చెప్పేవాడు.

"ఏంది చెప్పున్రి."

"ఆకే కద. తులసి" అన్నాడు. మళ్లీ ఒకసారి పీల్చి, "తులసి కాకుంటే పుదీన" అన్నాడు.

"కండ్లు తెరవున్రి."

తెరిచాడు. ఆమె గుప్పిలి విప్పింది. అందులో ఏమీ లేదు.

కైలాసం ఆ ఉత్త అరచేతిని చాలాసేపు చూశాడు. దూరంగా అవద్ భాయ్ నీళ్ల పైపు లాగుతున్న చప్పుడు వినిపిస్తోంది. చెట్టు మీద ఉడత ఒకటి సగం కొరికిన కాయను వదిలేసి పరుగెత్తింది.

"ఎప్పటి సంది?" అంది విమలాదేవి.

"నిరుడు జొరమొచ్చింది చూడు, దీపావళి అయినంక. జొరం వోయింది. వాసన రాలె. నాలుగు దినాలైతే వస్తదనుకున్న. రాలె."

"డాక్టర్‌కు చూపిచ్చుకున్నరా?"

"చూపిచ్చుకున్న. వస్తే రావచ్చు, రాకుంటే లేదన్నడు."

"మరి ఉప్పు, కారం?"

"అవి తెలుస్తయి. పులుపు తెలుస్తది, తీపి తెలుస్తది. గంతే. కొత్తిమీరకు, గడ్డికి ఫరక్ తెల్వదు."

విమలాదేవి ఉప్పుకారం పొట్లం మడిచింది. ఏడాదిగా ప్రతి పూటా ఆయన కంచం ముందు కూర్చుని 'ఇయ్యాల మస్తు కుదిరింది' అన్నాడు. సద్దుల బతుకమ్మ నాడు నువ్వుల సద్ది ముద్ద నోట్లో పెట్టుకుని, 'ఇంత కమ్మగ ఎన్నడు చెయ్యలే నువ్వు' అన్నాడు. ఆమె ఆ రోజంతా సంతోషంగా తిరిగింది. ఇప్పుడు ఆ సంతోషాన్ని ఏం చేసుకోవాలో తెలియలేదు.

"మసాలా ఎవరు చూస్తున్నరు?" అని అడిగింది. జవాబు ఆమెకు అప్పటికే తెలుసు.

కైలాసం కత్తికి అంటిన గింజలు తుడుస్తూ కూర్చున్నాడు.

"గురువారం నేను శాలిబండల మిమ్మల్ని చూసిన."

"చూసినవా" అన్నాడు. ఆశ్చర్యపోలేదు. ఒక బరువు దింపుకున్నవాడిలా వీపు చెట్టుకు ఆనించాడు. "మా నాయిన నేర్పింది మా ఇద్దరికే విమలా. వాని ముక్కు నాకన్న మంచిది. చిన్నప్పటి సంది అంతే. బజార్ల ఇంకెవలకన్న చెప్తే తెల్లారేసరికి బేగంబజార్ అంత తెలుస్తది. ఇగ మన దుకాణంల ఎవరు కొంటరు? వాని కాడికి పోయి చెప్పిన. వాడు ఒక్క మాట అనలె. కళాయి పొయ్యి మీద పెట్టిండు."

"తమ్మునికి చెప్పిన్రు. నాకు చెప్పలె."

"చెప్పలె."

"ఎందుకు?"

"నీ మొఖం చూసి ఎట్ల చెప్పాలె? పొద్దున లేస్తె నా కోసం వండుతవు. ఇది కుదిరిందా, అది కుదిరిందా అని అడుగుతవు. నాకేం తెలుస్తలేదని చెప్తే నువ్వు పొయ్యి దగ్గర ఎట్ల నిలబడతవు?"

"నిలబడతనో లేదో నేను చెప్దును కద" అంది ఆమె. గొంతు పెంచలేదు. "మీరు మాట్లాడవల్సినప్పుడు ఎన్నడు మాట్లాడలె. ఆనాడు పంక్తిల గుడ మాట్లాడలె. డాక్టర్ వద్దన్నడని మీకు తెలుసు. ఒక్క మాట చెప్తే అయిపోతుండె. నేను గిన్నె పెట్టి లోపలికి పోయినంక గుడ మీరు చెప్పలె."

కైలాసం తల దించుకున్నాడు. "చెప్పలె" అన్నాడు మళ్లీ. "మొన్న చెప్పిన. ఆరేండ్లకు."

"ఎవలకు?"

"రామ్‌చందర్‌కే. డాక్టర్ సంగతి చెప్పిన. వాడు కళాయి దించిండు. తర్వాత, వదినెకు నీ ముక్కు సంగతి తెలుసా అని అడిగిండు. తెల్వదన్న. అయితే ముందు ఆమెకు చెప్పు, చెప్పకుంటె వచ్చే గురువారం సంది నా ఇంటికి రావద్దు అన్నడు."

"దీపావళి ముంగట?"

"దీపావళి ముంగటనే. దుకాణంల మసాలా అయిపోవచ్చింది."

విమలాదేవి లేచి చీర దులుపుకుంది. చెట్టు దగ్గరికి పోయి ఒక కాయ తెంపి, కళ్లు మూసుకుని వాసన చూసింది. బుట్టలో వేసింది. ఇంకొకటి తెంపి వాసన చూసి పక్కన పెట్టింది. కైలాసం కూర్చున్నచోటి నుంచే చూస్తున్నాడు. బుట్ట నిండేదాకా ఆమె ఆయన వంక తిరగలేదు. నిండాక, "లేవున్రి. ఎండెక్కుతున్నది" అంది.

తిరిగి వచ్చే దారిలో కూడా ఆమె చెయ్యి ఆయన భుజం మీదే ఉంది.

ఇంటికి వచ్చేసరికి మిద్దె మీద బొంతలు వెచ్చగా కాగి ఉన్నాయి. అత్తాకోడళ్లు వాటిని రెండు మడతలు తిప్పి కిందికి తెచ్చారు. పూజిత ఒక బొంతను మొహానికి అదుముకుని, "ఎండ వాసన అత్తమ్మా!" అని నవ్వింది. విమలాదేవి భర్త వంక చూసింది. ఆయన ఆ బొంత మీద చెయ్యి ఆనించి, "ఎచ్చగున్నది" అన్నాడు. అబద్ధం చెప్పకుండా, తనకు తెలిసినది తాను చెప్పాడు. ఆమెకు ఆ ఒక్క మాట నచ్చింది.

మధ్యాహ్నం భోజనాల దగ్గర ఆయన పప్పు కలుపుకుంటూ ఆగి, "పులుపు సరిగ్గున్నది. మిగిలింది నువ్వే చెప్పాలె" అన్నాడు.

"ఇంగువ జర ఎక్కువైంది" అంది విమలాదేవి.

పూజిత ఇద్దరినీ వింతగా చూసింది. 

చెయ్యి కడుక్కున్నాక విమలాదేవి గుడ్డసంచి తీసి, బుట్టలోంచి జామకాయలు ఏరి సగం నింపింది. కైలాసం గుమ్మం దగ్గరికి వచ్చాడు.

"ఎటు?"

"శాలిబండ."

"నేను రానా?"

"వద్దు. మీరొస్తె మళ్ల ఇద్దరన్నదమ్ములు కూసోని ఏం మాట్లాడకుంట ఉంటరు. నాకు అడిగేది ఉన్నది, వినేది ఉన్నది." చెప్పులు వేసుకుంటూ ఆగింది. "ఈ సంగతి ఇంకెవలకన్న తెలుసా? నిఖిల్‌కు?"

"లేదు. వానికెందుకు చెప్త? వాని ఆఫీసు, వాని లొల్లి వానికున్నది. మనమిద్దరం, రామ్‌చందర్. గంతే."

షేరింగ్ ఆటోలో ఆమె పక్కన కూర్చున్న ముసలామె సంచి వంక చూసి, "బార్కస్ కాయలా?" అని అడిగింది. అవునంది విమలాదేవి. శాలిబండ రోడ్డు పక్కన బండ్ల మీద సీతాఫలాలు కుప్పలు పోసి ఉన్నాయి. దిగి వాటి ముందునుంచే నడిచింది. కొనలేదు. ఆ కాయతో మొదలైన తగాదాను అదే కాయతో తీర్చుకోవడం ఆమెకు ఇష్టం లేదు. మాటతో మొదలైంది. మాటతోనే తేలాలి.

గల్లీ లోపల మూడో ఇల్లు. తలుపు రంగు మార్చారు. గడప పక్కన తులసికోట మాత్రం ఉన్నచోటే ఉంది. లోపలినుంచి లవంగం, దాల్చినచెక్క వేగుతున్న వాసన వస్తోంది. ఆదివారం మధ్యాహ్నం ఇంట్లో వేయిస్తున్నారు. గురువారం నుంచి రావద్దన్న మనిషి ఎవరి కోసం వేయిస్తున్నాడో ఆమెకు అర్థం కాలేదు. ఏం అనాలో అంతా సిద్ధం చేసుకుని వచ్చింది. మొదటి మాట మాత్రం తలుపు ముందు నిలబడ్డాక జారిపోయింది.

తలుపు గడియ కొట్టింది.

లోపల కళాయి మీద గరిటె చప్పుడు ఆగింది. రామ్‌చందర్ గొంతు వినిపించింది. ముందుకన్నా బొంగురు పోయింది. "మంట తగ్గియ్యి బిడ్డా, ఎవరో చూసి రాపో. వాసన మరువకు. అచ్చం గిప్పుడున్నదే గుర్తుపెట్టుకో."

అడుగులు దగ్గరికి వచ్చాయి. తలుపు తెరుచుకుంది.

పసుపంటిన చేతులతో, నుదుటి మీద చెమటతో నిలబడి ఉన్నాడు నిఖిల్. క్రికెట్‌కు పోయిన కొడుకు. రోజూ పొద్దున ల్యాప్‌టాప్ సంచి తగిలించుకుని, ఆఫీసు క్యాబ్ వచ్చిందంటూ గల్లీ చివరిదాకా పరుగెత్తే కొడుకు.

"అమ్మా" అన్నాడు. వెనక్కి ఒక్క అడుగు వేశాడు. "బాపుకు చెప్పకు. నౌకరీ ఇడిసిపెట్టి ఆర్నెల్లైంది. పూజితకు గుడ తెల్వదు."